పుంజు మామ కొత్త పద్ధతి

దొడ్డిలో ఎవరు కదలాలన్నా ముందు పుంజు మామ చిట్టా చదవాలి. "ఒకటి, కుక్క లేవాలి. రెండు, నోరు తెరవాలి. మూడు, మొరగాలి." మూడోది చదివేలోపే పిల్లి ఓ కోడిపిల్లను ఎత్తుకుపోయేది.

"ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాముల్లో అంతా ఆబ్జెక్టుల పద్ధతి మామా," అంది బాతు. "ఎవరి పని వాళ్లకే తెలుసు. పిల్లి వచ్చిందని ఒక్క కబురు చెప్పు, చాలు."

"ముప్పై ఏళ్లుగా కూస్తున్నా, నాకా పాఠాలు?" అంటూనే మామ ఆ పద్ధతి నేర్పే కోర్సులో చేరాడు. సర్టిఫికెట్ మెడలో వేసుకుని తిరిగొచ్చి, కుక్కతో సహా అందర్నీ ఒకే పెద్ద గంప కింద కూర్చోబెట్టాడు.

"ఇదే ఆబ్జెక్టు!"

పిల్లి వచ్చి గంప ఎత్తింది. మామ గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి, కుక్క లేవాలి..."

ఈసారి పిల్లికి దొడ్డంతా వెతికే శ్రమ కూడా తప్పింది.