దోసిలి పట్టని రోజు

"దోసిలి పట్టరా" అన్నాడు అంకమ్మరావు, చెంబు పైకెత్తి.

యేసుపాదం పట్టలేదు. పొద్దుటినుంచీ కళ్లంలో ఎండుమిరపకాయలు తిరగేసిన చేతులవి. ఆ చేతుల్లో పోసిన నీళ్లు తాగితే పెదాలు భగ్గుమంటాయి. ఆసామి చెంబుకి కూలివాడి నోరు తగలకూడదు గానీ, కూలివాడి నోరు మండితే మాత్రం ఫర్వాలేదన్నమాట! ఏటా ఇదే వరస.

"గ్లాసులు తెప్పించండి. మనుషుల్లా తాగుతాం."

"ఏందిరా ఈ కొత్త యవ్వారం?"

"ఎనభయ్యారో సంవత్సరం వచ్చిందండీ. ఇంకా దోసిలేనా?"

అంకమ్మరావు ఆకాశంకేసి చూశాడు. చిలకలూరిపేట వైపు మబ్బు కమ్ముకొస్తోంది. కళ్లం నిండా పరిచిన కాయ మీద గట్టి జల్లు పడిందంటే రంగు పోయినట్టే.

"ముందు కాయ ఎత్తండ్రా. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత మీరు మాట్లాడరు. మాకు తెలుసు."

యేసుపాదం వాళ్ల మాలపల్లె కూలీలంతా వచ్చి అతని పక్కన నిలబడ్డారు. చెరువవతల మాదిగ గూడెం నుంచి పనికొచ్చిన జక్రయ్య ఒక్కడే వెనకపడ్డాడు. ఆదివారం చర్చిలోనూ అతనిది వెనక వరసే. రేపు పనికి పిలవకపోతే పిల్లలకేం పెట్టాలన్న భయం అతనిది. అలవాటుకొద్దీ చేతులు ముందుకొచ్చాయి.

యేసుపాదం అతని భుజం పట్టుకున్నాడు.

"చేతులు వెనక్కి పెట్టుకో జక్రయ్యా. చెంబెత్తింది ఎవరైనా సరే, దోసిలి పట్టావా, నువ్వు మనిషివి కాదని నువ్వే ఒప్పుకున్నట్టు."

జక్రయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

మొదటి చినుకు అంకమ్మరావు చొక్కా మీదే పడింది. "మీ మొండితనం తగలెయ్య" అంటూ ఇంటికి మనిషిని పరిగెత్తించాడు. స్టీలు గ్లాసులొచ్చాయి. అందరూ గ్లాసుల్తో తాగారు. జక్రయ్య అయితే రెండోసారీ పోయించుకున్నాడు. ఆ తర్వాత ఎంత చురుగ్గా కదిలారో, వాన అందుకునేలోపు కాయంతా టార్పాలిన్ పట్టాల కిందికి చేరింది.

సాయంత్రం యేసుపాదం జక్రయ్యని తన ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు.

"అమ్మా, గెలిచాం! ఆసామి కళ్లంలో గ్లాసుల్తో తాగాం. జక్రయ్య చివరిదాకా నా పక్కనే నిలబడ్డాడు."

ప్రేమమ్మ కళ్లు తుడుచుకుంది. "మీ నాన్న చూడాల్సిందిరా. పెదాలు మండించుకుంటూనే పోయాడు. కూర్చోండి, దాహంతో వచ్చారు."

లోపలికెళ్లి కొడుక్కి గ్లాసు నిండా నీళ్లు తెచ్చిచ్చింది. తర్వాత చెంబు తీసుకుని జక్రయ్య దగ్గరికొచ్చింది. గూడెం వాళ్లెవరొచ్చినా పోసినట్టే, పైకెత్తి పట్టుకుంది.

"పట్టు నాయనా" అంది ఆప్యాయంగా.

యేసుపాదం గడగడా తాగుతున్నాడు.

జక్రయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.