ముప్పై రెండు సెకన్ల ఊపిరి

అక్క చనిపోయే ముందు చివరిగా నాకు పంపింది నాలుగు సెకన్ల వాయిస్ మెసేజ్. అందులో మాటల్లేవు. ఊపిరి లోపలికి పీల్చింది, అంతే. అంతకుముందు మూడుసార్లు ఫోన్ చేసింది. పెద్ద పనిమంతుణ్ణి కదా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో పాట మిక్స్ చేసుకుంటున్నాను. వినిపించలేదు.

ఇప్పుడు ఆ ఊపిరితోనే తనకోసం ఒక మిక్స్ చేస్తున్నాను. తను నా సంగీతం పెట్టుకునే నిద్రపోయేది. ఆ నాలుగు సెకన్లను ఎనిమిది రెట్లు సాగదీస్తే ముప్పై రెండు అవుతాయి. కీబోర్డు స్వరాల కింద పరిస్తే, కలలో ఎక్కడో సముద్రం కదిలినట్టుంటుంది.

ఈ రాత్రి ముప్పై రెండు దాటినా అది ఆగలేదు. నలభై అయింది, యాభై అయింది. ఊపిరి ఇంకా లోపలికే పోతోంది. ఏదో చెప్పడానికే కాబోలు.

"చెప్పక్కా, నీకు దణ్ణం పెడతాను. ఈసారి వింటున్నాగా" అని బతిమాలాను.

అమ్మ పరుగున వచ్చి నా హెడ్‌ఫోన్స్ లాగేసింది. "ఆపరా నాయనా! దాని ఊపిరి ఇల్లంతా వినిపిస్తోంది."

హెడ్‌ఫోన్స్ తీసేసినా చప్పుడు తగ్గలేదు. మా వెనక, అక్క గదిలోంచి వస్తోంది. ఉన్నట్టుండి పీల్చడం ఆగింది. ఇక మాటే తరువాయి.

అమ్మ రెండు చేతులతో నా చెవులు గట్టిగా మూసేసింది.