ముడుపులో బ్రేస్‌లెట్

బ్రేస్‌లెట్‌ని మొగుడి కంట పడకుండా దాచడానికి కావేరికి ఇంట్లో చోటే దొరకలేదు.

రాగుల డబ్బాలో పెట్టి చూసింది. బిడ్డ పరుపు కింద పెట్టి చూసింది. రెండు చోట్లా నందీశ్ చెయ్యి పెట్టే రకం. ఫోన్‌లో క్రికెట్ పందేలు కాయడం మొదలుపెట్టాక ఆమె కమ్మలు పోయాయి, బిడ్డ గగన్ మొలతాడుకున్న వెండి గంటలు పోయాయి. మిగిలింది ఈ సన్నటి బంగారు బ్రేస్‌లెట్ ఒక్కటే. కావేరి అమ్మ పట్టుగూళ్లు అమ్మిన డబ్బుతో చేయించి, "ఇది నీది కాదు, నా మనవడి చదువుది. పోగొట్టుకోవద్దు తల్లీ" అని చెప్పి మరీ తొడిగింది.

గగన్‌కు జ్వరం వచ్చిన రోజు కావేరికి దారి దొరికింది. బ్రేస్‌లెట్‌ని పసుపు గుడ్డలో ముడేసి, దేవుడి మూల మేకుకు తగిలించింది. బిడ్డకు నయమైతే ఆవని ఊరి గుడిలో స్వామికి ఈ ముడుపు చెల్లిస్తానని, ఇంట్లో అందరికీ వినపడేలా మొక్కుకుంది.

మర్నాడే నందీశ్ అడిగాడు. "ఏమే, చేతికుండే బ్రేస్‌లెట్ యాడ?"

"బస్టాండులో కొక్కెం ఊడి పడిపొయ్యింది" అని కావేరి ఏడ్చింది. దొంగ ఏడుపేమీ కాదు. కమ్మలు పోయినప్పుడు మిగిలిపోయిన ఏడుపంతా అప్పుడు ఏడ్చేసింది.

అత్త అక్కయమ్మ ఊరుకోలేదు. "ఒంటి మీద వస్తువు నిలబెట్టుకోలేనిదానివి, నువ్వింగ బిడ్డనేం సాకుతావమ్మా?"

మాట పడింది కానీ బ్రేస్‌లెట్ మిగిలింది. ఒక సాయంత్రం నందీశ్ దేవుడి మూలకు వచ్చి ముడుపు వైపు చెయ్యి చాపాడు.

"ఇందులో ఏముండాది?"

"దేవుడి సొమ్ము. ముట్టుకుంటే చెయ్యి పడిపోతాదంట."

నందీశ్ గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఫోన్ నొక్కేది ఆ చేత్తోనే మరి.

అక్కయమ్మకైతే ఆ ముడుపంటే ప్రాణం. రోజూ స్నానం చేసి తానే కుంకుమ పెట్టేది, తానే దీపం చూపించేది. బంగారుపేట నుంచి కూతురు ప్రేమ వస్తే ఆమె చేతా దండం పెట్టించింది. అత్త భక్తి చూసి కావేరికి కొండంత ధైర్యం వచ్చింది. జీతమివ్వకుండా ఇద్దరు కావలివాళ్లు దొరికారు, ఒకరు దేవుడు, ఒకరు అత్త.

భయమల్లా బిడ్డ గురించే. అబద్ధపు మొక్కు కదా. గగన్ దగ్గితే చాలు, లేచి నుదురు తడిమి చూసేది.

ఆ భయం మీదే అక్కయమ్మ దెబ్బ కొట్టింది. "జరం పొయ్యి బిడ్డ గంతులేస్తా ఉండాడు. ముడుపు ఇంగా ఎన్నాళ్లు యాలాడదీస్తావు? సోమారం ఆవనికి పోదాం."

"ఇంకొన్ని దినాలు పోనీ అత్తా."

"దేవుడికే వాయిదాలా? రేపు బిడ్డకేమన్నా అయితే నన్ను అడగొద్దు."

ఆ మాటకు కావేరి సరేనంది. సోమవారం పొద్దున అత్త స్నానాల గదిలోకి వెళ్లగానే, అలాంటిదే ఇంకో పసుపు గుడ్డలో బండి వాషర్లు నాలుగు మూటకట్టింది. పైన కుంకుమ పెట్టి మేకుకు తగిలించింది. అసలు మూట విప్పి చూసే తీరిక లేదు. గుడ్డ మీదే వేలితో నొక్కింది. గుండ్రంగా తగిలింది. బిడ్డ బట్టల సంచిలో అడుక్కి తోసేసింది.

ఆవని గుడిలో హుండీ ముందు అక్కయమ్మ పక్కనే నిలబడింది. "నీ చేత్తోనే వెయ్యి. బిడ్డ చెయ్యి కూడా తాకించు."

'స్వామీ, నా బిడ్డ కోసమే నిన్ను మోసం చేస్తున్నాను, వాణ్ని ఏమీ అనొద్దు' అని లోలోపల వేడుకుంటూ కావేరి వాషర్ల మూటను హుండీలో వేసింది. ఠంగుమంది. అక్కయమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

మండపంలో కూర్చున్నాక కావేరికి నవ్వొచ్చింది. మొగుణ్ని గెలిచింది, అత్తను గెలిచింది. రేపే పుట్టింటికి వెళ్లి బ్రేస్‌లెట్‌ని అమ్మ చేతిలో పెట్టేస్తే ఇక నిశ్చింత. సంచిని ఒడిలోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

గగన్ నీళ్లని పేచీ పెట్టాడు. వాణ్ని ఎత్తుకుని, సంచి భుజాన వేసుకుని, గుడి వెనక కొళాయి దగ్గరకు నడిచింది. అక్కడ అక్కయమ్మ గోడ వైపు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతోంది.

"వేసేసింది ప్రేమా, నా కళ్లముందరే హుండీలో వేసేసింది. ఇంగ ఆ మూట విప్పి చూసేవాళ్లు ఎవురూ లేరు, రేపట్నించి ఆ బ్రేస్‌లెట్ ధైర్యంగా చేతికేసుకో."