హస్తవాసి

"కొత్త కారు కొన్నానమ్మాయ్. నేనిచ్చిన పాలిష్ ఏమైనా మిగిలిందా?" అని కొవ్వూరు నుంచి బంగార్రాజు ఫోను.

కొత్తకోడలు సూర్యకళ మొహం వెలిగిపోయింది. ఆ పాలిష్ రుద్దాకే వాళ్ళ ముచ్చటైన ఎర్రకారు సున్నం చల్లినట్టు మచ్చలుపడింది. "సీసా మంచిదే, అమ్మాయి హస్తవాసే బాలేదు" అని పదిమందిలో నవ్వింది ఈ బావగారే.

"నిజం చెప్పేద్దాం. పాపం, అన్నయ్యకి తెలీదు," గొణిగాడు పక్కనున్న భర్త అశోక్.

కావాలనే అంటగట్టాడనుకుందామె ఇన్నాళ్ళూ. కాదన్నమాట. ఫోను అరచేత్తో మూసింది.

"సీసా సంగతి తెలీదు, సరే. మరి నా చేతి సంగతెలా తెలిసిందండి?"

ఫోను మీంచి చెయ్యి తీసింది.

"సగం సీసా ఉందండి బావగారూ," అంది ఫోన్లో, తేనె ఒలికిస్తూ. "రేపు పొద్దున్నే పట్టుకొస్తాం. రుద్దడం మాత్రం మీ చేత్తోనే. నా హస్తవాసి మీకు తెలిసిందేగా."