పెట్టెల ఏమున్నది?

"నెలాఖరుకు యాభై వేల మంది చేరకపోతే పేజీ బంద్, నీ కొలువు బంద్," అన్నాడు మేనేజర్ సంపత్. "విమానం వచ్చింది, విమానం పోయింది అని పెడితే ఎవలు చూస్తరు వందనా? మనోళ్ల గొంతు వినపడాలె. జనం నవ్వాలె!"

కొత్తగా తెరిచిన ఆ చిన్న విమానాశ్రయానికి ఫేస్‌బుక్ పేజీ నడపడం వందన పని. అది పోతే మళ్ళీ బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టడమే. ఆమె ఫోన్ తీసి, పొద్దున పేజీకి వచ్చిన వాయిస్ మెసేజ్‌ను సంపత్‌కు వినిపించింది.

"అమ్మా... నేను జైనూర్ కాడి అంతయ్యను. దుబాయ్ నుంచి... ఒక పెట్టె వస్తుంది. పట్నంల దిగినంక మీ విమానంల ఎక్కిస్తరా? తొవ్వ మంచిగ లేదు. పెట్టెకు... కుదుపు తాకొద్దు."

సంపత్ కుర్చీలోంచి లేచాడు. "గిదే పెట్టు! పెట్టెల ఏమున్నదో చెప్పినోళ్లకు రెండు టికెట్లు ఫ్రీ!"

"ఆయన్ని అడగకుంట ఎట్ల పెడ్తం సార్? పెద్దమనిషి. గట్ల ఆగి ఆగి మాట్లాడుతుండు, ఏం బాధనో ఏమో..."

"ఫోన్‌ల మాట్లాడుడు అలవాటు లేదు, గంతే. ముందు పెట్టు. తర్వాత అడుగుదువు."

వందన "రేపు ఆఫీసుకు రాండ్రి కాకా" అని అంతయ్యకు జవాబిచ్చి, ఆయన గొంతును పేజీలో పెట్టింది.

సాయంత్రానికి ఆరు వేల జవాబులు. ఎనభై అంగుళాల టీవీ అన్నారు. అత్తరు సీసాలన్నారు. ఒంటె పిల్ల అన్నాడొకడు. ఇంకొకడు "కుదుపు తాకొద్దు" అన్న మాటకు డప్పు కలిపి డ్యాన్సు వీడియో చేశాడు. సంపత్ ఆఫీసంతా మిఠాయి పంచాడు. వందన తన ముక్క కాగితంలో చుట్టి పక్కన పెట్టేసింది. అంతయ్యకు రెండుసార్లు ఫోన్ చేసింది. స్విచ్ఛాఫ్.

మరునాడు మధ్యాహ్నం అంతయ్య వచ్చాడు. భుజాన తువ్వాల, చేతిలో కాగితాల కవరు. సరుకులు తీసుకునే కిటికీ ముందు నిలబడ్డాడు.

"లైవ్ పెట్టు, జల్ది!" అన్నాడు సంపత్.

"ఒక్క నిమిషం సార్. పక్కకు పిలిచి ముందు నేను మాట్లాడుత."

"పన్నెండు వేల మంది ఎదురు చూస్తుండ్రు వందనా! కొలువు కావాల్నా వద్దా?"

వందన ముఖం తుడుచుకుని, నవ్వు తెచ్చుకుని, ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"కాకా, జిల్లా మొత్తం నీ పెట్టె ముచ్చటే! అండ్ల ఏమున్నదో ఇప్పుడే చెప్పకు. బరువెంతనో చెప్పు చాలు, మావోళ్లు ఇట్టే పట్టేస్తరు."

అంతయ్య ఫోన్ వైపు చూడలేదు. కవరు మీది ముడతలను బొటనవేలితో సాపు చేస్తూ, ఆమె అడిగినదానికి సరైన జవాబు ఇవ్వాలన్నట్టు కాసేపు ఆలోచించాడు.

"రెండేండ్ల కింద దుబాయ్ పోయేటప్పుడు అరవై ఎనిమిది కిలోలుండె బిడ్డా, నా కొడుకు."