ఎదిగే పిల్ల

"మడతేదే?" అంది మేనత్త, గౌను లోపలికి తిరగేసి కుట్టుమిషను మీద పడేస్తూ. "ఎవరి పిల్లకి కుట్టినా ఎదిగే పిల్ల, ఎదిగే పిల్ల అంటూ అంచు లోపల బెత్తెడు గుడ్డ వదులుతావు. నీ కూతురి గౌనుకి వేలెడు కూడా వదల్లేదేం?"

అమ్మ మిషను తొక్కడం ఆపలేదు. "దానికి ఏటా కొత్తది కుడుతూనే ఉన్నాను కదా వదినా. ఇంక మడతెందుకు?"

"ఎందుకా? అది వేలెడు కూడా ఎదగలేదు కాబట్టి. నాకేం కళ్ళు పోలేదు అమ్మాయ్. దాని ఈడు పిల్లలు మా వీధిలో తాటిచెట్లలా లేచారు. ఇదేమో వరదలో కొట్టుకుపోయి తిరిగొచ్చిన నాడు ఎంతుందో, మూడేళ్ళయినా అంతే ఉంది. అసలిది మన పిల్లేనా అని నా అనుమానం."

తలుపు పక్కన కూర్చుని గుండీలు కుడుతున్న పిల్లకి సూది వేలిలో దిగింది. రక్తం రాలేదు. దానికి ఎప్పుడూ రాదు, ఒక్క నీటిచుక్క వస్తుంది. గబుక్కున వేలు నోట్లో పెట్టుకుంది.

మేనత్త నోరు చెడ్డదే గానీ ఆమె అన్నది అబద్ధం కాదు. ఆ పిల్ల ఈ ఇంటి పిల్ల కాదు. అసలు మనిషే కాదు. తనకంటూ ఒక ముఖం లేకుండా ఏటి నీళ్ళలో బతికేది. వరద రోజున ఈ ఇంటి పిల్ల కొట్టుకొచ్చి దాని చేతుల్లోనే ఊపిరి వదిలింది. ఆ కబురు చెప్పి పోదామని చనిపోయిన పిల్ల రూపమే వేసుకుని ఈ గుమ్మం దాకా వచ్చింది. తలుపు తీసిన అమ్మ "వచ్చావా తల్లీ" అని గుండెకి హత్తుకుంది. ఇంక ఏ నోటితో చెబుతుంది పాపం? ఉండిపోయింది. రూపమైతే తెచ్చుకోగలిగింది గానీ, ఎదగడం ఎలాగో దానికి తెలియదు.

"కొలువు," అంది మేనత్త. "నా ఎదురుగానే కొలువు. వరదకి ముందు దాని గౌనుకి గుడ్డ కొన్నది నేనే. భుజం నుంచి మడమకి నలభై ఆరు అని నువ్వే చెప్పావు. ఇప్పుడూ నలభై ఆరే వచ్చిందనుకో, తమ్ముడు డ్యూటీ నుంచి రాగానే చెప్పేస్తాను. ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడే వదిలేసి రమ్మంటాను."

పిల్లకి పై ప్రాణాలు పైనే పోయాయి. తనని గెంటేస్తారని కాదు. ఏరు ఎక్కడికీ పోలేదు, వెళ్ళి అందులోనే కలిసిపోతుంది. కానీ తను ఈ ఇంటి పిల్ల కాదని తేలిన క్షణాన అమ్మకి కూతురు చచ్చిపోతుంది. ఆ దెబ్బ అమ్మకి తగలకూడదనే ఇన్నాళ్ళూ ఈ వేషం మోసింది.

"రా తల్లీ," అంది అమ్మ. మెడలో వేలాడే టేపు తీసి పక్కన పెట్టి, సొరుగులోంచి ఇంకోటి తీసింది. "మెడలోది ఊరందరినీ కొలిచి సాగిపోయింది వదినా. ఇది దీని కోసమే విడిగా ఉంచాను."

ఏటా కొలిచేటప్పుడు పిల్ల పొడుగు గౌను చాటున మునివేళ్ళ మీద లేచి నిలబడేది. ఇవాళ ఆ పప్పులు ఉడికేలా లేవు. మేనత్త దాని కాళ్ళ దగ్గరే చతికిలబడి గౌను అంచు పైకెత్తింది.

"మడమలు నేలకి ఆనించు. ఊఁ, ఇంకా."

అమ్మ టేపు కొసని పిల్ల భుజం మీద బొటనవేలితో అదిమి పట్టుకుంది. మేనత్త టేపుని మడమ దాకా లాగి, కళ్ళజోడు సర్దుకుని అంకె చూసింది. మళ్ళీ చూసింది.

"ఎంత వదినా?"

"నలభై తొమ్మిది," అంది మేనత్త, గాలి తీసేసినట్టుగా.

"ఏడాదికో అంగుళం. అందరూ తాటిచెట్లే అవ్వాలనేముంది? మా అమ్మా పొట్టిదే."

మేనత్త లేచి చెప్పులు వేసుకుంది. "ఏమోనమ్మా, నాకే చత్వారం ముదిరిందేమో," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

పిల్ల గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది. మడమలు నేల మీదే ఉన్నాయి కదా, మరి మూడంగుళాలు ఎక్కణ్ణించి వచ్చాయి? నిజంగానే పెరిగిందా? అమ్మ చేతి ముద్దలు తిని, అమ్మ తిట్లు తిని, అమ్మ పక్కలో పడుకుని, తనకి తెలియకుండానే మనిషైపోయిందా? దానికి సంతోషం ఆగలేదు. ఇంకోసారి కొలుచుకుందామని తనని కొలిచిన ఆ టేపే మిషను మీంచి అందుకుని కొస వెతికింది.

టేపులో ఒకటి లేదు. రెండు లేదు. మూడూ లేదు. కత్తెరతో శుభ్రంగా కత్తిరించిన అంచు పక్కన, మొదటి అంకె నాలుగు.

మిషను చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది.

"నా బిడ్డ బాగా భయపడిందా?" అని అడిగింది అమ్మ, తలెత్తకుండా.

పిల్ల టేపుని గుప్పిట్లో చుట్టుకుంది. "అమ్మా అని పిలిచింది. నేను పట్టుకునే ఉన్నాను. చివరిదాకా వదల్లేదు."

అమ్మ చేతిలో ఉన్న గుడ్డని ముఖానికి అదుముకుని ఏడ్చింది. కూతురు పోయిన నాడు ఏడవాల్సిన ఏడుపంతా ఇప్పుడు ఏడ్చింది. ఇంక తనకిక్కడ పనేముందనుకుని పిల్ల టేపు కింద పెట్టి, మెల్లగా గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికే?" అంది అమ్మ, ముక్కు తుడుచుకుంటూ. "ముందు ఆ టేపు సొరుగులో దాచు. వచ్చే ఏడు ఇంకో అంగుళం కత్తిరించాలి."