ఆగితే ఆరే దీపం

"ఆగితే ఆరిపోతాదా?" అంది లక్ష్మణమ్మ.

"ఆరిపోతాదమ్మా. సెక్రం తిరిగినంతసేపే ఎలుగు. డైనమో అంటే అదే మరి," అన్నాడు సైకిల్ షాపు జగన్నాధం.

బల్ల మీద మూడు రకాల దీపాలున్నాయి. కిరసనాయిలుది, బేటరీది, డైనమోది. కొడుకు చినబాబు చెయ్యి బేటరీ లైటు మీదే ఉంది. మొన్న దీపం లేకుండా వస్తున్నాడని పోలీసాయన చక్రాల్లో గాలి తీసేస్తే, నెల్లిమర్ల మిల్లు నుంచి ఇంటిదాకా సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు పాపం.

"బేటరీదైతే ఆగినా ఎలుగుతాదమ్మా. సీకట్లో గొలుసూడితే సూసి ఎక్కించుకోవచ్చు," అన్నాడు చినబాబు.

"అదే వద్దంతన్నాను. డైనమో బిగించు నాయినా," అంది లక్ష్మణమ్మ.

పైకి అన్నది అంతే. లోపలి ఆలోచన వేరు. వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుంటే మిల్లు దగ్గర్నుంచి ఏటి గట్టు మీదుగా వచ్చే బాటంతా కనిపిస్తుంది. అది అరవయ్యెనిమిదో సంవత్సరం. కరెంటు ఇంకా మిల్లు గోడ దాటి రాలేదు. ఆ చీకట్లో దీపం ఎక్కడ ఆరితే చినబాబు అక్కడ ఆగినట్టే.

ఎక్కడ ఆరుతుందో ఆవిడకి ముందే తెలుసు. తెలిసినదాన్నే కళ్లారా చూసి ఏడవాలన్న ముచ్చట కొందరికి ఉంటుంది.

గట్టు మలుపులో గున్నమ్మ పాక ఉంది. మొగుడు లేని మనిషి. నిరుడు సాలూరు నుంచి వచ్చి అక్కడ ఉంటోంది. సంతలో ఆవిడ కనబడిన రోజున లక్ష్మణమ్మ కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చేసింది. ఆ కళ్లంటేనే లక్ష్మణమ్మకి గిట్టదు. ఆ కళ్లు చూస్తే ఎవడైనా ఆగుతాడు.

ఆ సాయంత్రం పొద్దుగూకగానే అరుగెక్కి కూర్చుంది. మిల్లు కూత వినిపించింది. కాసేపటికి గట్టు మీద దీపం కదిలింది. చకచకా వచ్చింది. మలుపు దగ్గర ఠక్కున ఆరిపోయింది.

లక్ష్మణమ్మ ఒళ్లు భగ్గుమంది. అన్నం ఉడికింది, గంజి వార్చింది, కూర దించింది. అయినా దీపం వెలగలేదు. ఆఖరికి వెలిగాక కూడా పాకుతున్నట్టు వచ్చింది. డైనమో దీపానికి మొహమాటం లేదు. కాళ్లలో ఎంత హుషారుంటే అంతే వెలుగు. మిల్లు నుంచి గున్నమ్మ దాకా ధగధగ. గున్నమ్మ నుంచి ఇంటిదాకా మిణుకు మిణుకు.

"ఇంతసేపేటిరా?"

"గొలుసూడిపోయిందమ్మా."

మర్నాడూ గొలుసే. ఆ మర్నాడూ గొలుసే.

"రోజూ ఆ ఇంటి ముందే ఊడతాదేటిరా నీ గొలుసు?"

చినబాబు దొరికిపోయినట్టు నవ్వాడు. "ఏటోనమ్మా. ఆ అరుగు మీద కూకుంటే పేనం నిమ్మళంగా ఉంటాది."

మన అరుగు మీద ముళ్లున్నాయా అనుకుంది లక్ష్మణమ్మ.

ఒక రోజు పొద్దున్న చూస్తే దీపం అద్దం తళతళలాడుతోంది.

"ఎవలు తుడిసేరు?"

"గున్నమ్మే. బురద పడిందని కొంగుతో తుడిసింది."

తను కొన్న దీపాన్ని అది తుడవడమేమిటి? లక్ష్మణమ్మ బూడిద తెచ్చి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్లీ తోమింది.

గోడ మీంచి చూస్తున్న పక్కింటి తాయారు ఊరుకోలేదు. "వయసులో ఉన్న పిల్లడు, మొగుడు నేని ఇల్లు. ఎవర్తినైనా సూసి ముడెట్టీ వదినా, ఆడే కుదురుకుంటాడు."

పెళ్లితో పోయే రోగమా ఇది! కోడలొస్తే సగం కొడుకే పోతాడు, అది లోకంలో ఉన్నదే. గున్నమ్మ పట్టుకుపోతే మొత్తం పోతాడు. ఆటలమ్మ పోసినప్పుడు రాత్రుళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఎవరు? పస్తులుండి బడికి పంపింది ఎవరు? ఇంత చేసి, అరుగు మీద కూర్చోబెట్టి చేరెడు వేరుశనక్కాయలు పెట్టినదానికి అప్పజెప్పాలా?

మధ్యాహ్నం నేరుగా వెళ్లి గున్నమ్మ గుమ్మంలో నిలబడింది.

"నా కొడుకుని నీ గుమ్మానికి మప్పుకుంతన్నావు."

"నాను పిలవనేదు. ఆడే ఆగుతాడు," అంది గున్నమ్మ, తలెత్తకుండా. "పొమ్మందామంటే నోరు రాదు."

"రప్పించుకో. నాకున్నది ఆడొక్కడే."

"నాకు మాత్రం..." అని గున్నమ్మ ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, "సరే, ఎల్లు. ఇంక ఆగడులే," అంది.

ఆ సాయంత్రం దీపం మలుపు దాకా వచ్చి ఆరింది. లక్ష్మణమ్మ పళ్లు కొరుక్కుంది. అంతలోనే మళ్లీ వెలిగింది. ఇంటివైపు తిరిగింది. ఆవిడకి ఏనుగెక్కినంత సంబరమైంది.

చినబాబు సైకిలుని విసురుగా గోడకి చేరేశాడు.

"తలుపేసుకుందమ్మా. లోపలే ఉన్నాది. ఎన్నిసార్లు పిలిసినా పలకనేదు."

"పోన్లే నాయినా, మనకేటి? కాళ్లు కడుక్కుని రా."

వాడికిష్టమని ఎండుచేపలు వేయించింది. పక్కనే కూర్చుని వడ్డించింది. చినబాబు అన్నం కెలుకుతున్నాడు గానీ తినడం లేదు. ఉన్నట్టుండి తలెత్తాడు. ఆ కళ్ల నిండా నీళ్లు.

"నువ్వే ఏదో అనుంటావు. ఆవిడ నీకేటి సేసిందమ్మా? ఆవిడంటే నీకెందుకంత కడుపుమంట?"

లక్ష్మణమ్మ వాడి కంచంలో ఇంకో చేప వేసింది. వాడిని నవమాసాలూ మోసిన కడుపు గున్నమ్మది, మంట ఒక్కటే తనది.